యూరప్‌లో రైలు టికెట్: ఏది ముందే కొనాలి, ఏది ఆగి కొనొచ్చు

మన దగ్గర రైలు ప్రయాణం అనుకోగానే మొదట పట్టుకునే దిగులు బెర్త్ దొరుకుతుందా లేదా అని. ఛార్జీ గురించి పెద్దగా ఆలోచించం. సికింద్రాబాద్ నుంచి విశాఖపట్నానికి స్లీపర్ టికెట్ 60 రోజుల ముందు కొన్నా, వారం ముందు కొన్నా ధర ఒకటే. మారేదల్లా కన్ఫర్మ్ అయిందా, ఆర్‌ఏసీలో పడిందా, వెయిటింగ్ లిస్టులో వేలాడుతోందా అన్నదే. సీట్లు నిండేకొద్దీ ఛార్జీ పెరిగే పద్ధతి 2016లో రాజధాని, శతాబ్ది, దురంతో బళ్లకు వచ్చింది కానీ, మొత్తం మీద మన అలవాటు మారలేదు. యూరప్ హైస్పీడ్ రైళ్ల సంగతి దీనికి తలకిందులు. బయలుదేరే ముందు రోజు చూసినా చాలా బళ్లలో సీటు ఉంటుంది. తక్కువ ధరకు మాత్రం ఉండదు.

పోనీ అక్కడి బళ్లన్నీ ఇదే తీరా అంటే, అదీ కాదు. లండన్-పారిస్ యూరోస్టార్, ఫ్రాన్స్‌లో టీజీవీ, స్పెయిన్‌లో ఏవీఈ, ఇటలీలో ఫ్రెచ్చారోస్సా, ఇటాలో లాంటివి ఒక రకం. వీటికి విమానం టికెట్ల పద్ధతే: సీటు నంబరు ఉండి తీరాలి, ఫలానా బండికి కొన్న టికెట్ ఆ బండికే చెల్లుతుంది, ఆలస్యం చేసేకొద్దీ ధర పెరుగుతుంది. స్విట్జర్లాండ్, నెదర్లాండ్స్, బెల్జియం దేశాల లోపల తిరిగే బళ్లు, ఇటలీ, జర్మనీల ప్రాంతీయ రైళ్లు రెండో రకం. వీటికి మామూలుగా దూరాన్ని బట్టి ఒక ధర ఉంటుంది. ఈ రోజు కొన్నా, నెల ముందు కొన్నా అంతే. టికెట్ ఉంటే ఏ బండైనా ఎక్కి ఖాళీ సీటులో కూర్చోవచ్చు. జర్మనీ, ఆస్ట్రియా ఎక్స్‌ప్రెస్‌లు ఈ రెంటికీ మధ్యన ఉంటాయి. ధర మారుతుంది కానీ రిజర్వేషన్ తప్పనిసరి కాదు.

ప్లాన్ వేసేటప్పుడు ఊళ్ల జాబితా పక్కన, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లే బండి ఏ రకమో కూడా రాసుకోవాలి. ఎప్పుడు కొనాలి, పాస్ తీసుకోవాలా, వీసా రాకముందే డబ్బు పెట్టాలా అన్న ప్రశ్నలకు జవాబు దాన్ని బట్టే వస్తుంది. మనవాళ్లు ఎక్కువగా వేసుకునే దారి ఒకటి తీసుకుంటే విషయం తేలిగ్గా తెలుస్తుంది: లండన్, పారిస్, స్విట్జర్లాండ్‌లోని ఇంటర్లాకెన్, ఫ్లోరెన్స్, రోమ్.

లండన్ నుంచి పారిస్‌కు యూరోస్టార్‌లో 2 గంటల 20 నిమిషాలు. టికెట్లు చాలా నెలల ముందే అమ్మకానికి వస్తాయి, వేసవి సెలవుల్లోనూ వారాంతాల్లోనూ ధర విమానం ఛార్జీని మించిపోతుంది కూడా. అందుకే మొదట తేల్చుకోవాల్సిన మజిలీ ఇదే. ఇది మామూలు రైలు ఎక్కడం కాదు, సరిహద్దు దాటడం. బ్రిటన్ వాళ్ల తనిఖీ, ఫ్రాన్స్ పోలీసుల పాస్‌పోర్ట్ తనిఖీ రెండూ లండన్ సెయింట్ పాంక్రాస్ స్టేషన్లోనే, బండి ఎక్కకముందే అయిపోతాయి. బయలుదేరడానికి అరగంట ముందే గేట్లు మూసేస్తారు. 2025 అక్టోబరులో మొదలైన కొత్త ప్రవేశ నమోదు పద్ధతి వల్ల క్యూ ఇంకాస్త నెమ్మదించే అవకాశం ఉంది కాబట్టి గంటన్నర ముందు చేరడం మంచిది. ఇంకో చిన్న మాట. యూరప్ రైళ్లలో ఇంటి నుంచి తెచ్చుకున్న తిండి తింటే ఎవరూ ఏమీ అనరు, పులిహోర డబ్బా నిశ్చింతగా విప్పుకోవచ్చు. కానీ బ్రిటన్ నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లకూడదు. ఆ లెక్కన లండన్లో కలిపిన పెరుగన్నం పారిస్ బండి ఎక్కకముందే తినేయాలి.

పారిస్‌లో యూరోస్టార్ దిగేది గార్ దు నార్ స్టేషన్లో. స్విట్జర్లాండ్ వెళ్లే టీజీవీ లిరియా ఎక్కేది గార్ ద లియోన్‌లో. హైదరాబాద్‌లో సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ ఎలాగో అక్కడ ఉత్తరానికి ఒకటి, తూర్పుకు ఒకటి, దక్షిణానికి ఒకటి అన్నట్టు స్టేషన్లు వేరువేరుగా ఉంటాయి. ఊరి లోపల తిరిగే రైళ్లలో ఆర్‌ఈఆర్ డి లైన్ ఎక్కితే ఈ రెండు స్టేషన్ల మధ్య పది నిమిషాలే. పెద్ద సూట్‌కేసులతో, మెట్లు ఎక్కుతూ దిగుతూ, ప్లాట్‌ఫామ్ వెతుక్కుంటూ వెళ్లే కుటుంబానికి గంట పెట్టుకున్నా ఎక్కువ కాదు. బుకింగ్ సైట్లు ‘పారిస్’ అని మాత్రమే చూపించినప్పుడు కింద చిన్న అక్షరాల్లో ఉన్న స్టేషన్ పేరు చదవడం ఇందుకే అవసరం. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌లు కూడా రెండున్నాయి. విమానాశ్రయం ఉన్నది మైన్ నది ఒడ్డున. ఓడర్ నది ఒడ్డున ఉన్న ఇంకొకటి పోలండ్ సరిహద్దు దగ్గర.

గార్ ద లియోన్ నుంచి స్విట్జర్లాండ్ సరిహద్దు ఊరు బాసెల్‌కు దాదాపు 3 గంటలు, అక్కడి నుంచి ఇంటర్లాకెన్‌కు 2 గంటలు. ఈ ప్రయాణంలో ఫ్రెంచి ముక్క మొదటి రకం, స్విస్ ముక్క రెండో రకం. ఫ్రెంచి ముక్కను ముందే కొనేసి, బాసెల్ నుంచి స్విస్ ట్రావెల్ పాస్ మీద వెళ్లొచ్చు. టీజీవీ ఆలస్యమైనా నష్టం లేదు, బాసెల్‌లో తర్వాతి బండి ఎక్కితే సరి. స్విట్జర్లాండ్‌లో బళ్లన్నీ గంటకో అరగంటకో ఒకసారి, ప్రతి గంటా అదే నిమిషానికి బయలుదేరేలా టైమ్‌టేబుల్ వేశారు. 1982 నుంచి దేశమంతా ఇదే పద్ధతి. అక్కడి లోపలి ప్రయాణాలకు నెలల ముందు కూర్చుని బండి నంబర్లు రాసుకోవడం వృథా శ్రమ.

స్విట్జర్లాండ్‌లో ఆలోచించాల్సింది బండి గురించి కాదు, కార్డు గురించి. స్విస్ ట్రావెల్ పాస్ 3, 4, 6, 8, 15 రోజులకు దొరుకుతుంది. రైళ్లు, బస్సులు, పడవలు, ఊళ్లలో ట్రాములు అన్నీ అందులోనే. హాఫ్ ఫేర్ కార్డు నెల రోజులు పనిచేస్తుంది, దాదాపు అన్ని టికెట్ల మీద సగం తగ్గిస్తుంది. వినగానే పాస్ మేలనిపిస్తుంది. కానీ ఇంటర్లాకెన్ దాకా వెళ్లినవాళ్లలో చాలామంది లక్ష్యం 3,454 మీటర్ల ఎత్తున, కొండ మీద ఉన్న యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ స్టేషన్. అక్కడికి రానుపోను టికెట్ వేసవిలో మనిషికి 200 ఫ్రాంక్‌లు దాటుతుంది. కొండ ఎక్కే ఆ ఆఖరి భాగానికి ట్రావెల్ పాస్ ఇచ్చేది 25 శాతం తగ్గింపే. హాఫ్ ఫేర్ కార్డు సగం తగ్గిస్తుంది. రోజూ ఊళ్లు తిరుగుతూ, సరస్సుల మీద పడవలెక్కుతూ గడిపేవాళ్లకు పాస్ గిట్టుబాటవుతుంది. ఇంటర్లాకెన్‌లోనే ఉండి ఒకటి రెండు ఖరీదైన కొండలు చూసి వచ్చేవాళ్లకు చాలాసార్లు హాఫ్ ఫేర్ కార్డే నయం. పిల్లలతో వెళ్లేవాళ్లు ఫ్యామిలీ కార్డు అడిగి తీసుకోవాలి, దాంతో 16 ఏళ్ల లోపు పిల్లలకు అమ్మానాన్నల వెంట ఉచితం.

అయితే యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ టికెట్ నెలల ముందు కొనాలన్న తొందర మంచిది కాదు. పైన మబ్బు కమ్మితే కనిపించేది తెల్లగోడే. ఆ ఉదయం వెబ్‌క్యామ్‌లో శిఖరం కనిపిస్తోందో లేదో చూసుకుని వెళ్లేవాళ్లు డబ్బుకు తగిన దృశ్యం చూస్తారు. ట్రావెల్ ఏజెంట్లు తారీఖు వేసి ముందే అంటగట్టే ప్యాకేజీల్లో ఈ వెసులుబాటు పోతుంది. గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్, బెర్నీనా ఎక్స్‌ప్రెస్ లాంటి పేరున్న బళ్లకు పాస్ ఉన్నా విడిగా రిజర్వేషన్ రుసుము కట్టాలి. బెర్నీనా విషయంలో ఒక దగ్గరి దారి ఉంది: అదే పట్టాల మీద అదే లోయలూ వంతెనలూ దాటుతూ మామూలు ప్రాంతీయ బళ్లు కూడా నడుస్తాయి. వాటికి రిజర్వేషన్ లేదు. పైగా వాటి కిటికీలు తెరుచుకుంటాయి, ఫొటోల్లో అద్దం మెరుపు పడదు.

ఇంటర్లాకెన్ నుంచి ఇటలీకి స్పియెజ్‌లో బండి మారాలి. అక్కడి నుంచి దేశాల మధ్య నడిచే యూరోసిటీ రైలు 34.6 కిలోమీటర్ల లోచ్‌బెర్గ్ సొరంగం, ఆ తర్వాత 1906 నాటి సింప్లాన్ సొరంగం దాటి సుమారు 3 గంటల్లో మిలాన్ చేరుతుంది. దీనికి రిజర్వేషన్ తప్పనిసరి. మిలాన్ నుంచి ఫ్లోరెన్స్‌కు హైస్పీడ్‌లో 2 గంటలు, ఫ్లోరెన్స్ నుంచి రోమ్‌కు గంటన్నర. ఈ మార్గంలో ప్రభుత్వ సంస్థ ట్రెనిటాలియాకు 2012 నుంచి ఇటాలో అనే ప్రైవేటు కంపెనీ పోటీగా నడుస్తోంది. ఒకరి టికెట్ ఇంకొకరి బండిలో చెల్లదు. అదే ఫ్లోరెన్స్ నుంచి పీసా వెళ్లొచ్చే ప్రయాణమైతే ప్రాంతీయ రైలే, గంట దూరం, స్థిరమైన ధర, అప్పటికప్పుడు కొనుక్కోవచ్చు. ఇక్కడ ఒక మెలిక. కౌంటర్లోనో మెషిన్లోనో కొన్న ప్రాంతీయ కాగితం టికెట్‌ను ఎక్కేముందు ప్లాట్‌ఫామ్ దగ్గరున్న చిన్న పెట్టెలో దూర్చి తారీఖు, సమయం అచ్చు వేయించుకోవాలి. ఫోన్లో కొంటే చెక్-ఇన్ నొక్కాలి. టికెట్ కొని కూడా ఈ పని మర్చిపోతే జరిమానా తప్పదు. ముద్ర పడని టికెట్‌తో రేపూ ప్రయాణించొచ్చు కదా అన్నది రైల్వే వాళ్ల అనుమానం.

ఇక పాస్ సంగతి. యూరప్ బయట నివసించేవాళ్లకు 1959లో యూరైల్ పాస్ వచ్చింది, యూరప్‌లో నివసించేవాళ్లకు 1972లో ఇంటర్‌రైల్ వచ్చింది. ఇప్పుడు రెండూ 33 దేశాల్లో చెల్లుతాయి. ఏది కొనాలో నిర్ణయించేది పాస్‌పోర్ట్ కాదు, నివాసం. జర్మనీలో చదువుకుంటున్న కొడుకు ఇంటర్‌రైల్ తీసుకోవాలి, గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నలు యూరైల్ తీసుకోవాలి. కొడుకు పాస్ అతను ఉంటున్న దేశంలో వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి మాత్రమే పనిచేస్తుంది.

పాస్ అంటే చవక అన్న నమ్మకం పాతకాలం నాటిది. పైన చెప్పిన లండన్-రోమ్ దారిలో పొడవైన మజిలీలు నాలుగైదే, అవీ దాదాపు అన్నీ మొదటి రకానివే. పాస్ ఉన్నా టీజీవీలో, ఫ్రెచ్చారోస్సాలో సీటు రుసుము వేరే కట్టాలి. యూరోస్టార్‌లో అది ఇంకా ఎక్కువ, పైగా పాస్ ఉన్నవాళ్లకు కేటాయించే సీట్లు కొన్నే. అవి అయిపోతే పాస్ చేతిలో ఉన్నా ఆ బండి ఎక్కలేరు. మన కోటా పద్ధతి తెలిసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ఇటాలో బళ్లలోనైతే పాస్ చెల్లదు. ఇలాంటి దారికి విడి టికెట్లు ముందే కొనుక్కోవడమే మేలు. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, బెల్జియం, నెదర్లాండ్స్ మీదుగా రోజుకో ఊరు తిరిగేవాళ్లకు, ఉదయం లేచి ఎక్కడికి వెళ్లాలో అప్పుడు నిర్ణయించుకునేవాళ్లకు పాస్ బంగారమే. అక్కడ ఎక్కువ బళ్లకు రిజర్వేషన్ అక్కర్లేదు. 12 ఏళ్ల లోపు పిల్లలకు, పెద్దవాళ్లు ఒకరికి ఇద్దరి చొప్పున, పాస్ ఉచితం. సీటు రుసుము మాత్రం వాళ్లకీ ఉంటుంది. 27 ఏళ్ల వరకు ఉన్నవాళ్లకు, 60 దాటినవాళ్లకు తగ్గింపు ఉంది.

రాత్రి బండిలో వెళ్తే హోటల్ ఖర్చు మిగులుతుందన్న లెక్క మనకు సహజంగా తడుతుంది. ఆస్ట్రియా రైల్వే 2016 చివర్లో మొదలుపెట్టిన నైట్‌జెట్ సర్వీసులు వియన్నా, మ్యూనిక్‌ల నుంచి రోమ్ లాంటి ఊళ్లకు వెళ్తాయి. కానీ మన స్లీపర్ క్లాసు ఛార్జీ మనసులో పెట్టుకుని చూస్తే గుండె గుభేలుమంటుంది. తలుపున్న గదిలాంటి బెర్త్ ధర మంచి హోటల్ గదితో సమానం. సీటు చవకే, కానీ రాత్రంతా కూర్చుని వెళ్లి మర్నాడు మ్యూజియంలో కునుకు తీయాలి.

ఇంతవరకూ చెప్పిందంతా ఏ దేశం నుంచి వెళ్లినవాళ్లకైనా వర్తిస్తుంది. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో బయలుదేరేవాళ్లకు దీని మీద వీసా టెన్షన్ ఒకటి. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకు దరఖాస్తు చేయొచ్చు. అపాయింట్‌మెంట్ దొరికి, పాస్‌పోర్ట్ తిరిగి వచ్చేసరికి చవక టికెట్లు అయిపోతాయి. వీసా కోసం చూడకుండా కొంటే, వీసా రాకపోతే డబ్బు పోతుంది. లండన్ కూడా ఉంటే బ్రిటన్ వీసా విడిగా కావాలి, అంటే ఆధారపడే జవాబులు రెండు.

దీనికి సర్వరోగ నివారిణి లేదు కానీ టికెట్ల రకం చూసుకుంటే రిస్కు చాలా తగ్గుతుంది. జర్మనీలో అతి చవకైన సూపర్ స్పార్‌ప్రైస్ క్యాన్సిల్ చేయడానికి వీల్లేదు. దాని పై మెట్టు స్పార్‌ప్రైస్‌ను కొంత కోత పెట్టించుకుని రద్దు చేసుకోవచ్చు, మిగిలింది వోచర్‌గా వస్తుంది. ఫ్రాన్స్‌లో టీజీవీ ఇనుయి టికెట్‌కు రద్దు అవకాశం ఉంది, అక్కడి చవక సర్వీసు ఊయిగోకు లేదు. వీసా రాకముందు కొనదలిస్తే, నాలుగు యూరోలు ఎక్కువైనా రద్దు చేసుకోగలిగిన రకమే కొనాలి, అదీ ధర వేగంగా పెరిగే ఒకటి రెండు మజిలీలకే. రెండో రకం బళ్లకు వీసా ముద్ర పడ్డాకే కాదు, అక్కడ దిగాక కొన్నా నష్టం లేదు. వీసా ఫైలులో పెట్టే రోజువారీ ప్లాన్‌లో ఏ రోజు ఏ ఊళ్లో ఉంటారో స్పష్టంగా ఉండాలి. డబ్బు కట్టేసిన రైలు టికెట్లు దొంతరగా పెడితేనే వీసా వస్తుందన్నది అపోహ.

కొనేటప్పుడు ఎదురయ్యే అడ్డంకులు చిన్నవే కానీ విసిగిస్తాయి. మొదటిది కార్డు. రిజర్వ్ బ్యాంక్ 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో విదేశీ లావాదేవీలు మొదట ఆపేసి ఉంటాయి. బ్యాంక్ యాప్‌లోకి వెళ్లి ఆన్ చేసుకోకపోతే చెల్లింపు మళ్లీ మళ్లీ విఫలమవుతుంది, తప్పు సైటుదేమో అనుకుంటూ కూర్చుంటాం. రెండోది పేరు. మన పాస్‌పోర్టుల్లో కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, కొందరికి పొడుగాటి పేరంతా ఒకే గడిలో ఉంటుంది. సైటు రెండు గడులూ నింపమంటుంది. ఇనీషియల్‌తో, ముద్దుపేరుతో తంటాలు పడకుండా పాస్‌పోర్ట్‌లో ఉన్న పదాలనే రెండు గడుల్లోకి విడగొట్టి రాయడం మేలు, చవక టికెట్లకు బండిలో గుర్తింపు కార్డు అడుగుతారు. ఇంకో సంగతి: యూరప్ టైమ్‌టేబుల్ ఏటా డిసెంబరు రెండో శనివారం రాత్రి మారుతుంది. జనవరి ప్రయాణానికి ఆగస్టులో వెతికితే బళ్లు కనిపించకపోవచ్చు. రైళ్లు లేవని కాదు, ఆ కొత్త టైమ్‌టేబుల్ ఇంకా అమ్మకానికి రాలేదని అర్థం.

జర్మనీ గురించి కొంచెం విడిగా చెప్పాలి, ఎందుకంటే పిల్లల్ని చూడ్డానికి వెళ్లే తెలుగు తల్లిదండ్రుల్లో చాలామంది గమ్యం ఇప్పుడు అదే. అక్కడ టికెట్ వేరు, సీటు వేరు. టికెట్ ఉంటే ఐసీఈ అనే హైస్పీడ్ బండి ఎక్కొచ్చు, సీటు కావాలంటే ఇంకొన్ని యూరోలు పెట్టి విడిగా రిజర్వ్ చేసుకోవాలి. సీటు పైన చిన్న తెర మీద ఎక్కడి నుంచి ఎక్కడి దాకా రిజర్వ్ అయిందో కనిపిస్తుంది. ఏమీ లేకపోతే కూర్చోవచ్చు. రిజర్వ్ చేసుకున్న మనిషి బండి కదిలిన 15 నిమిషాల్లో రాకపోతే ఆ సీటు మీద హక్కు పోతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తూ ఈ కాసిని యూరోలు మిగుల్చుకోవాలనుకోవడం తెలివైన పని కాదు. కొన్ని ఐసీఈలు దారిలో రెండుగా విడిపోతాయి కూడా. బెర్లిన్ నుంచి పడమరకు వచ్చే బండి హామ్ స్టేషన్లో విడిపోయి చెరో దారి పడుతుంది. కోచ్ నంబర్ చూడకుండా కనిపించిన తలుపు ఎక్కితే వేరే ఊళ్లో దిగాల్సి వస్తుంది.

డాయిచ్‌లాండ్ టికెట్ 2023 మేలో నెలకు 49 యూరోలతో మొదలైంది, 2026 జనవరి నుంచి 63 యూరోలు. దేశమంతా ప్రాంతీయ రైళ్లు, మెట్రో, బస్సులు అందులో వస్తాయి. ఐసీఈ, ఐసీ లాంటి దూరప్రయాణ బళ్లు రావు. కొడుకు దగ్గర నెలరోజులు ఉండి చుట్టుపక్కల ఊళ్లు చూసేవాళ్లకు దీన్ని మించింది లేదు. కాకపోతే ఇది చందా పద్ధతి, గడువులోగా రద్దు చేయకపోతే తిరిగి వచ్చాక కూడా డబ్బు పోతూనే ఉంటుంది.

జర్మనీ రైళ్లంటే గడియారంలా నడుస్తాయన్న పేరు ఎప్పుడో పోయింది. 2024లో అక్కడి దూరప్రయాణ రైళ్లలో సమయానికి చేరినవి 62.5 శాతమే. అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యంగా లెక్కపెట్టకుండా. అందుకే సైటు చూపించే 8 నిమిషాల కనెక్షన్‌ను నమ్మకూడదు. యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం గమ్యానికి గంట ఆలస్యమైతే టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలైతే 50 శాతం వెనక్కి అడగొచ్చు. వరదల్లాంటి అసాధారణ పరిస్థితులకు మినహాయింపు. ఈ రక్షణలో ముఖ్యమైంది డబ్బు కాదు. మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉంటే మధ్యలో బండి తప్పినప్పుడు తర్వాతి బండిలో చేర్చే బాధ్యత రైల్వేది. రెండు కంపెనీల దగ్గర రెండు టికెట్లు విడిగా కొంటే ఆ బాధ్యత చాలావరకు మన నెత్తినే పడుతుంది. పైన చెప్పిన స్పియెజ్-మిలాన్-ఫ్లోరెన్స్ ప్రయాణంలో మిలాన్‌లో గంట ఖాళీ వదలమనేది దీనికే. ఇటలీలో సమ్మెలు కూడా మామూలే, తారీఖులు ముందే ప్రకటిస్తారు. పనిదినాల్లో సమ్మె రోజైనా ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య ప్రాంతీయ బళ్లు కొన్ని నడిపి తీరాలి.

ఆలస్యం నిజంగా దెబ్బ తీసేది తిరుగు ప్రయాణం రోజున. 2024 జనవరి నుంచి ఫ్రాంక్‌ఫర్ట్-హైదరాబాద్ మధ్య లుఫ్తాన్సా నేరుగా విమానం నడుపుతోంది కాబట్టి లండన్లో దిగి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎక్కేలా విమానం టికెట్ తీసుకుంటే మళ్లీ వెనక్కి వచ్చే శ్రమ తప్పుతుంది. అప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్ దాకా వచ్చే ఐసీఈని విమానంతో పాటు లుఫ్తాన్సా నంబరు మీద ఒకే బుకింగ్‌గా తీసుకునే వీలుంది. రైలు ఆలస్యమై విమానం తప్పితే తర్వాతి దానిలో వాళ్లే ఎక్కిస్తారు. రైలు టికెట్ విడిగా కొన్నవాళ్లు మాత్రం ముందు రోజు సాయంత్రానికే ఫ్రాంక్‌ఫర్ట్ చేరి, ఆ రాత్రి అక్కడే గది తీసుకోవాలి.